లావుగా ఉన్న స్నేహితుణ్ణి జిమ్‌కు తీసుకువెళ్ళేటప్పుడు

మోకాళ్ళ నొప్పులతో ఫిజియోథెరపీ విభాగానికి వచ్చేవారిని "ఎప్పుడైనా జిమ్‌కు వెళ్ళారా?" అని అడుగుతుంటాము. చాలామంది చెప్పే జవాబు "వెళ్ళానండీ, మూడు రోజులు" అని. నాలుగో రోజు ఏమైందంటే నవ్వి ఊరుకుంటారు. ఒక ఉపాధ్యాయుడు మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పారు. ఆయన వయస్సు 42, బరువు 108 కిలోలు. స్నేహితుడొకరు పట్టుబట్టి తీసుకువెళ్ళి, ఒకేసారి ఏడాదికి సరిపడా డబ్బు కట్టించారట. మొదటి రోజే ట్రెడ్‌మిల్ మీద పరుగు, ఆపైన యాభై గుంజీలు. మర్నాడు మరుగుదొడ్డిలో కూర్చుంటే లేవలేకపోయారు. మూడో రోజు ఎవరో కుర్రాడు సెల్‌ఫోనులో తన ఫోటో తీస్తున్నట్టు అనిపించింది. అంతటితో మానేశారు. "మావాడు చెడ్డవాడు కాదండీ, నా మేలు కోరే తీసుకెళ్ళాడు" అని కూడా ఆయనే అన్నారు.

ఈ పాఠం ఆ స్నేహితుడిలాంటివారి కోసం రాస్తున్నాము. మీ స్నేహితుడో, స్నేహితురాలో, బావగారో, వదినగారో బరువు ఎక్కువై ఇబ్బంది పడుతుంటే, వారిని వ్యాయామంలో పెట్టాలని మీకు మనసులో ఉంటే, ముందు దీన్ని ఓపికగా చదవండి.

మాట ఎలా ఎత్తాలి?

తాను లావుగా ఉన్న సంగతి మీ స్నేహితుడికి తెలుసు. బస్సులో సీటు దగ్గర, బట్టల షాపులో, పెళ్ళి ఫోటోలో రోజూ ఎవరో ఒకరు గుర్తుచేస్తూనే ఉంటారు. కాబట్టి మీరు కొత్తగా చెప్పవలసింది ఏమీ లేదు. చిన్నప్పటి నుంచి అతణ్ణి "బండోడా", "లడ్డూ" అని పిలిచే అలవాటు మీకుంటే ముందు దాన్ని మానండి. అతను నవ్వుతూ పలుకుతున్నాడు గనుక బాధ లేదనుకోవడం పొరపాటు.

నలుగురిలో, ముఖ్యంగా విస్తరి ముందు కూర్చున్నప్పుడు ఈ మాట ఎత్తవద్దు. ఇద్దరే ఉన్నప్పుడు అడగండి. "నేను సోమవారం నుంచి వెళ్దామనుకుంటున్నాను, ఒక్కణ్ణే అంటే బద్ధకంగా ఉంది, తోడు వస్తావా?" అంటే సరిపోతుంది. అయితే ఆ మాట నిజమై ఉండాలి. అతణ్ణి చేర్పించి, మీరు బయట బల్ల మీద కూర్చుని పేపరు చదువుకుంటే పని జరగదు. వద్దంటే వదిలేయండి, ఒక నెల పోయాక మళ్ళీ అడగవచ్చు. ఈలోపు సాయంత్రాలు కాలేజీ గ్రౌండులో కలిసి నడవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

లావు కావడానికి తిండి ఒక్కటే కారణమని, ఒళ్ళు వంచకపోవడమేనని చాలామంది అనుకుంటారు. వంశపారంపర్యం, నిద్ర సరిగా లేకపోవడం, రాత్రి డ్యూటీలు, థైరాయిడ్ లోపం, ఏళ్ళ తరబడి వాడే స్టెరాయిడ్ మాత్రలు, మానసిక వ్యాధులకు వాడే కొన్ని మందులు కూడా బరువును పెంచుతాయి. ఇది తెలిస్తే మీ మాటలో నింద ఉండదు.

ముందుగా డాక్టరు గారి వద్దకు

భారతీయులకు బరువు హద్దులు పాశ్చాత్యుల కంటే తక్కువగా పెట్టారు. కిలోలలో బరువును, మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే సంఖ్యను బి.ఎం.ఐ. అంటారు. మనకు అది 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం. 165 సెంటీమీటర్ల ఎత్తు, 95 కిలోల బరువు ఉన్నవారికి అది సుమారు 35 వస్తుంది. నడుము చుట్టుకొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటితే పొట్టలోపల కొవ్వు పేరుకున్నదని అనుమానించాలి.

ఇంత బరువున్నవారు చాలాకాలంగా కదలకుండా ఉండి, ఒక్కసారిగా జిమ్‌కు వెళ్ళాలనుకుంటే ముందు రక్తపోటు, రక్తంలో చక్కెర చూపించుకోవాలి. డాక్టరు గారు అవసరమనుకుంటే ఇ.సి.జి., థైరాయిడ్ పరీక్ష రాస్తారు. మెట్లెక్కుతుంటే ఛాతీ పట్టేసినట్టు ఉండటం, తల తిరగడం, రాత్రి పెద్దగా గురకపెట్టి పగలు కూర్చున్నచోటే నిద్రపోవడం ఉంటే ఆ సంగతి దాచకుండా చెప్పాలి. రక్తపోటు 180/110 దాటి ఉంటే అది అదుపులోకి వచ్చేదాకా జిమ్ మాట ఎత్తకండి.

షుగరుకు ఇన్సులిన్ గాని, గ్లిమిపెరైడ్ వంటి మాత్రలు గాని వాడేవారికి వ్యాయామం చేసేటప్పుడు, ఆ తరువాత కొన్ని గంటలదాకా చక్కెర బాగా పడిపోయే అవకాశం ఉంది. చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడితే వెంటనే మూడు నాలుగు చెంచాల గ్లూకోజు గాని పంచదార గాని నీళ్ళలో కలిపి తాగించాలి. మనిషి మగతలో ఉండి మింగలేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకురావాలి. ఒక గ్లూకోజు పొట్లం మీ సంచిలో ఉంచుకోండి. అతను మరిచిపోయినా మీరు మరవకూడదు. పాదాలు తిమ్మిరిగా ఉండే షుగరు రోగులు మేజోళ్ళు లేకుండా బూట్లు తొడగకూడదు, ఇంటికి వచ్చాక అరికాళ్ళు చూసుకోవాలి.

రక్తపోటుకు అటెనోలాల్, మెటోప్రోలాల్ వాడేవారికి ఎంత శ్రమపడినా నాడి వేగం అంతగా పెరగదు. మిషను మీద కనిపించే గుండె వేగం చూసి "ఇంకా లాగవచ్చు" అనుకోవడం వారి విషయంలో ప్రమాదం.

ఏ జిమ్? ఏ వేళ?

మన ఊళ్ళలో జిమ్‌లు చాలావరకు ఏ బట్టల షాపు మీదో రెండో అంతస్తులోనో మూడో అంతస్తులోనో ఉంటాయి. లిఫ్టు ఉండదు. 110 కిలోల మనిషికి ఆ మెట్లే మొదటి వ్యాయామం. ఆయాసపడుతూ లోపలికి వెళ్ళగానే చుట్టూ అద్దాలు, చెవులు పగిలే పాటలు, కండలు తిరిగిన కుర్రాళ్ళు. సాయంత్రం ఆరింటికి మొదటిసారి అక్కడ కాలుపెట్టినవాడు వెనక్కి తిరగక ఏం చేస్తాడు? అందుకని ఖాళీగా ఉండే వేళ చూసుకోండి. ఉదయం పది దాటాక, లేదా మధ్యాహ్నం పూట. ముందురోజు ఊరికే వెళ్ళి చూసి రండి. బూట్లు ఎక్కడ విడవాలి, నీళ్ళెక్కడ ఉంటాయి, మరుగుదొడ్డి ఉందా అన్నవి తెలిసి ఉంటే సగం బెరుకు పోతుంది.

ప్రతి ట్రెడ్‌మిల్‌కూ అది మోయగల బరువు హద్దు ఉంటుంది. మీ స్నేహితుడి ఎదుట కాకుండా, పక్కకు వెళ్ళి ఆ హద్దు ఎంతో అడగండి. డబ్బు నెలకే కట్టండి, ఏడాది ఆఫర్ ఎంత చవకైనా సరే. శిక్షకుడు ముందుగా బీపీ, షుగర్, పాత దెబ్బలు, ఆపరేషన్ల గురించి అడిగితే మంచివాడని గుర్తు. వెళ్ళీవెళ్ళగానే ప్రొటీన్ పొడి డబ్బానో, కొవ్వు కరిగించే మాత్రలో చూపిస్తే ఇంకో జిమ్ వెతుక్కోండి.

స్త్రీలకు విడిగా సమయం ఉన్నదేమో కనుక్కోండి. చున్నీ, చీరకొంగు ట్రెడ్‌మిల్ పట్టాలో చిక్కుకుంటే పెద్ద ప్రమాదం. చున్నీ తీసి పక్కన పెట్టాలి, పొడవైన వదులు కమీజు చాలు. మరో సంగతి ఎవరూ నోరు తెరిచి చెప్పరు గనుక ఇక్కడ రాస్తున్నాము. లావుగా ఉన్నవారికి నడుస్తుంటే తొడలు ఒరుసుకుని పుండ్లు పడతాయి, నాలుగో రోజు రాకపోవడానికి ఇదే కారణం కావచ్చు. మోకాలిదాకా ఉండే బిగుతైన లోదుస్తు తొడుక్కుని, కాస్త వాసెలిన్ రాసుకుంటే ఆ బాధ ఉండదు.

మొదటి వారాలు

మొదటి రోజు మొత్తం ఇరవై అయిదు నిమిషాలు మించవద్దు. ఎత్తు పెట్టకుండా గంటకు మూడు నాలుగు కిలోమీటర్ల వేగంతో పది నిమిషాలు నడిపించండి. ట్రెడ్‌మిల్ తాడు చివరి క్లిప్పు చొక్కాకు తగిలించండి, జారితే మిషను అదే ఆగుతుంది. మోకాళ్ళ నొప్పి ఉంటే వీపు ఆనించి కూర్చునే సైకిల్ మేలు. తరువాత గోడకు చేతులానించి తోయడం, కుర్చీలో కూర్చుని లేవడం, కూర్చుని తేలికపాటి బరువును కిందికి లాగడం, ఒక్కొక్కటి ఎనిమిది పదిసార్లు. బరువు ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టనివ్వకండి, రక్తపోటు ఒక్కసారిగా పెరుగుతుంది.

మాట్లాడుతూ చేయగలగాలి. ముక్కలు ముక్కలుగా మాట వస్తుంటే వేగం ఎక్కువైందని అర్థం. అందుకే పక్కన కబుర్లు చెప్పే స్నేహితుడు ఉండాలంటాము, మిషను కన్నా మంచి కొలత అదే.

పరుగు, గెంతడం ఇప్పుడు వద్దు. నేలమీద పడుకుని చేసే వ్యాయామాలు కూడా కొన్నాళ్ళు ఆపండి. అవి కష్టమని మాత్రమే కాదు, నలుగురి ముందు నేలమీద నుంచి లేవడం అతనికి నామోషీగా ఉంటుంది. కాళ్ళతో బరువు తోసే మిషను మాత్రం తప్పకుండా ఎక్కించండి. వంద కిలోలను రోజంతా మోసే కాళ్ళు అవి. మోకాళ్ళు బాగుంటే చాలాసార్లు మీకంటే అతనే ఎక్కువ తోస్తాడు. మీరు నిజంగా ఓడిపోయే పని అక్కడ ఒకటి ఉందని అతను చూడాలి. ఇంకా చేయగలను అనిపించగానే ఇంటికి తీసుకువచ్చేయండి.

మర్నాటి నుంచి రెండు మూడు రోజులు కండరాలు సలపడం మామూలే. ఒక్క కీలులోనే పొడిచినట్టు నొప్పి రావడం, వాపు రావడం మామూలు కాదు. మూత్రం కోలా రంగులో వస్తే కండరం దెబ్బతిని మూత్రపిండాల మీద భారం పడుతున్నదన్నమాట, ఆ రోజే ఆసుపత్రికి రావాలి. ఛాతీలో బరువు, ఎడమచేతికో దవడకో పాకే నొప్పి, చల్లని చెమట కనిపిస్తే కూర్చోబెట్టి 108కి ఫోన్ చేయండి. గ్యాస్ అనుకుని సోడా తాగిస్తూ సమయం పోగొట్టుకున్నవారిని మేము చాలామందిని చూశాము.

మొదట వారానికి మూడు రోజులు, మధ్యలో విశ్రాంతి. వారానికి రెండు మూడు నిమిషాల చొప్పున పెంచండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దలకు చెప్పిన లెక్క వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, వారంలో రెండు రోజులైనా కండరాలకు పని. అక్కడికి చేరడానికి మూడు నాలుగు నెలలు పట్టినా తొందరేమీ లేదు.

కాటా మీద నమ్మకం పెట్టుకోకండి

ఎక్కువమంది ఇక్కడే ఓడిపోతారు. 100 కిలోల మనిషి అరగంట నడిస్తే సుమారు 175 కేలరీలు ఖర్చవుతాయి. జిమ్ అయ్యాక ఒక పెద్ద సమోసా తింటే అంతా తిరిగి వచ్చేస్తుంది. "ఇంత కష్టపడ్డాం కదా, పద" అని బజ్జీల బండి దగ్గరికి తీసుకెళ్ళేది ఎవరో మీకు తెలుసు. అన్నం కుప్ప కొంత తగ్గించి, పప్పు, గుడ్డు, పెరుగు, కూరలు పెంచుకోవడం, టీలో పంచదార తగ్గించడం ఇవన్నీ కావలసినవే. కానీ అతని కంచంలోకి తొంగిచూసి లెక్కలు చెప్పే పని మీది కాదు. చెమట పట్టిందంటే కొవ్వు కరిగిందని కాదు, పొట్టకు కట్టే పట్టీలు దండగ. ఈమధ్య వారానికొకటి వేసే బరువు తగ్గించే సూదులు వచ్చాయి. అవి డాక్టరు గారు రాస్తేనే వాడాలి. వాటితో కొవ్వుతోపాటు కండ కూడా తగ్గుతుంది గనుక వ్యాయామం అప్పుడు మరింత అవసరం.

నెల గడిచినా కాటా ముల్లు కదలకపోతే అతను నిరుత్సాహపడతాడు. అప్పుడు ఈ సంగతి చెప్పండి. చెన్నైకి చెందిన డాక్టర్ ఎ. రామచంద్రన్ గారి బృందం, షుగరు వచ్చే ముందు దశలో ఉన్న 531 మందిని పరిశీలించి 2006లో ఫలితాలు ప్రచురించింది. మామూలు సలహాతో వదిలేసినవారిలో మూడేళ్ళలో 55 శాతం మందికి షుగరు వచ్చింది. తిండి మార్చుకుని, నడక పెంచుకున్నవారిలో 39 శాతం మందికే వచ్చింది. గమనించవలసింది ఏమంటే, ఈ రెండో గుంపువారి బరువు పెద్దగా తగ్గలేదు. కాటాలో కనపడని మేలు ఒంట్లో జరుగుతూనే ఉంది. కాటా ఎక్కడం వారానికి ఒక్కసారి చాలు. నెలకోసారి నడుముకు టేపు పెట్టి చూడండి. జిమ్ మెట్లు ఎన్నిసార్లు ఆగి ఎక్కుతున్నాడో లెక్కపెట్టండి. వంద కిలోల మనిషి అయిదు కిలోలు తగ్గినా రక్తపోటులో, చక్కెరలో తేడా కనిపిస్తుంది. ఒక కిలో తగ్గితే అడుగు వేసినప్పుడల్లా మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుంది.

రాని రోజులు ఉంటాయి. పండగలు, జ్వరాలు, పరీక్ష పేపర్లు దిద్దడాలు. "ఎందుకు రాలేదు?" అని అడిగితే సాకు చెప్పవలసి వస్తుంది, సాకు చెప్పినవాడు మర్నాడు ముఖం చూపించలేడు. "రేపు పదిన్నరకు కింద ఉంటాను" అని మాత్రం ఫోన్ చేయండి. జ్వరం తగ్గాక తిరిగి వస్తే అంతకుముందు చేసినదానిలో సగంతో మొదలుపెట్టించండి.

పైన చెప్పిన ఉపాధ్యాయుడు మళ్ళీ మొదలుపెట్టి ఎనిమిది నెలలైంది. ఆ స్నేహితుడితోనే వెళ్తున్నారు, శనివారం, ఆదివారం, మధ్యలో ఇంకొక రోజు. బరువు 101కి వచ్చింది. పై అంతస్తు తరగతి గదికి ఆగకుండా ఎక్కుతున్నారు, నొప్పి మాత్ర ఎప్పుడో ఒకసారి తప్ప వేసుకోవడం లేదు. కిందటిసారి పరీక్షకు వచ్చినప్పుడు వెంట వచ్చిన ఆ స్నేహితుణ్ణి కూడా కూర్చోబెట్టి బీపీ చూశాము. 150/96 ఉంది. సన్నగా ఉన్నాను కదా అని ఆయన ఎన్నడూ చూపించుకోలేదట.