ఇల్లు ఎక్కడ తీసుకుందాం?

కుటుంబ పాఠం
పఠనాలు: ఆదికాండము 13:5-18, ద్వితీయోపదేశకాండము 24:5, మత్తయి 2:19-23



ఒక ఆదివారం దివ్యబలిపూజ ముగిసిన తరువాత ఒక యువ జంట నా కోసం ఆగారు. వారిది తెనాలి. భర్తకు గన్నవరంలో ఉద్యోగం వచ్చింది. ఉదయం తొమ్మిదికి హాజరు, సాయంత్రం ఆరుకు సెలవు. భార్య విజయవాడలో ఒక ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. ఒక వారం పగటి డ్యూటీ, ఒక వారం రాత్రి డ్యూటీ. రెండో తరగతి చదివే పాప ఉంది. తెనాలిలో సొంత ఇల్లు, అందులో భర్త తల్లి. "ఇల్లు ఎక్కడ తీసుకోమంటారు, ఫాదర్?" అని అడిగారు.

"గన్నవరంలోనే తీసుకోండి, ఉద్యోగానికి దగ్గర గదా" అనేశాను. ఆ అమ్మాయి నెమ్మదిగా, "మరి నా రాత్రి డ్యూటీ, ఫాదర్?" అంది. ఆమె ఉద్యోగం సంగతి నిమిషం క్రితమే విన్నాను. అయినా ఇల్లు అనగానే నా ఆలోచన భర్త ఉద్యోగం చుట్టూనే తిరిగింది. సిగ్గుపడి, ఇద్దరినీ కూర్చోమన్నాను. ఆ పూట మేము మాట్లాడుకున్నదే ఈ వారం పాఠం.

ఇది ఆ ఒక్క ఇంటి సమస్య కాదు. ఏలూరు కాలువ వెంట వరిచేల మధ్య ఉన్న గన్నవరానికి ఒకప్పుడు బయటి ఊళ్ల నుండి ఉద్యోగానికి వచ్చేవారు తక్కువ. ఇప్పుడు విమానాశ్రయం ఉంది, పశువైద్య కళాశాల ఉంది, కేసరపల్లిలో మేధా టవర్స్, హెచ్‌సీఎల్ ఉన్నాయి. ఏలూరు, గుడివాడ, తెనాలి, గుంటూరుల నుండి మన పిల్లలు అక్కడికి ఉద్యోగాలకు వస్తున్నారు. గన్నవరం చుట్టుపక్కల పల్లెల వారేమో పొద్దున్నే బస్సెక్కి విజయవాడ వెళ్తున్నారు. ఒకే రోడ్డు మీద అటు వెళ్లేవారు అటు, ఇటు వచ్చేవారు ఇటు. ఇరవై కిలోమీటర్లే గదా అంటాం. రామవరప్పాడు రింగు దగ్గర సాయంత్రం ఆరున్నరకు నిలబడి చూసినవారు ఆ మాట అనరు.

పవిత్ర గ్రంథంలో నివాసం ఎంచుకున్న ఇద్దరి కథ ఆదికాండము 13వ అధ్యాయంలో ఉంది. అబ్రాము కాపరులకు, లోతు కాపరులకు తగవు వచ్చింది. పెద్దవాడైన అబ్రాము ముందుగా కోరుకునే హక్కు లోతుకే ఇచ్చాడు. లోతు కన్నులెత్తి చూశాడు. యొర్దాను మైదానం నీళ్లతో కళకళలాడుతూ కనిపించింది. అటే వెళ్లాడు. డెల్టాలో పుట్టిన మనకు లోతు మీద అంత త్వరగా కోపం రాదు. నీరు పారే నేల కనబడితే మన కళ్లు కూడా అక్కడే ఆగుతాయి. అయితే లోతు గుడారం కదిలిన తీరు గమనించండి. మొదట సొదొమ దాపున గుడారం వేశాడు (13:12). తరువాతి అధ్యాయానికి సొదొమలోనే కాపురం ఉన్నాడు (14:12). 19వ అధ్యాయం వచ్చేసరికి ఆ పట్టణ ద్వారం దగ్గర కూర్చుని ఉన్నాడు. సొదొమవాడిని కావాలని లోతు ఏనాడూ నిశ్చయించుకోలేదు. నేలను చూశాడు గాని, ఆ నేల మీద తన ఇంటివారి రోజులు ఎలా గడుస్తాయో చూడలేదు. అబ్రాము హెబ్రోను చేరి, అక్కడ చేసిన పనిగా గ్రంథం చెప్పేది ఒక్కటే: ప్రభువుకు బలిపీఠం కట్టాడు (13:18).

మనం ఇల్లు చూసేటప్పుడు మన కళ్లకు ఏమి కనబడుతుంది? అద్దె, అడ్వాన్సు, గదులు, నీళ్లు, కారు పెట్టుకునే చోటు. ఇవన్నీ చూడవలసినవే. వీటితోపాటు గంటలు కూడా లెక్కపెట్టండి. వెళ్లడానికి గంట, రావడానికి గంట అయితే నెలకు పాతిక పనిదినాలకు 50 గంటలు. ఏడాదికి 600 గంటలు. అంటే 25 రాత్రింబవళ్లు రోడ్డు మీదనే. నెలకు రెండు వేలు అద్దె తగ్గిందని దూరంగా ఇల్లు తీసుకున్న తండ్రి, ఆ రెండు వేలకు ఏమి అమ్ముకున్నాడో ఈ లెక్క వేసుకుంటే తెలుస్తుంది. 2025 ఆగస్టు 15న ఆడవారికి ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలైంది. మన చెల్లెళ్లకు అది మంచి ఊరట. కాని దానివల్ల చార్జీ మిగిలిందే గాని గంట మిగలలేదు.

ఆ దంపతులతో నేను చివరికి అన్నది ఇది. ఎవరి ఆఫీసుకు ఎంత దూరం అన్నది రెండో ప్రశ్న. రాత్రి ఏడున్నరకు, అన్నం వేళకు, జపమాల వేళకు ఇంట్లో ఎవరెవరు ఉంటారు అన్నది మొదటి ప్రశ్న. మీరు చూసిన ప్రతి ఇంటికీ ఆ ప్రశ్న వేసి చూడండి.

మన రాష్ట్రంలో ఈ ప్రశ్న ఒకేసారి వేలాది ఇళ్లలోకి వచ్చిన సందర్భం ఒకటుంది. 2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయింది. 2016లో సచివాలయ ఉద్యోగులు హైదరాబాదు వదిలి వెలగపూడికి రావలసివచ్చింది. హైదరాబాదులో సొంత ఇళ్లు, పిల్లల చదువులు, భార్యల లేదా భర్తల ఉద్యోగాలు. ప్రభుత్వం వారానికి ఐదు రోజుల పని పెట్టింది. విజయవాడకు, హైదరాబాదుకు మధ్య వారికి అనుకూలంగా రైలు వేశారు. మూడేళ్లలోగా తరలివచ్చినవారి పిల్లలకు ఇక్కడ స్థానికత ఇచ్చేలా రాష్ట్రపతి ఉత్తర్వులు సవరించారు, తరువాత ఆ గడువు పొడిగించారు. ఎంతోమంది కుటుంబాన్ని అక్కడే ఉంచి, తాము ఇక్కడ గదుల్లో ఉంటూ, శుక్రవారం సాయంత్రం రైలెక్కారు. వారిని తప్పుపట్టను. పదో తరగతి పిల్లను మధ్యలో బడి మాన్పించడం ఏ తల్లిదండ్రులకైనా కష్టమే. అయితే ఇలాంటి ఏర్పాటులో ఒక ప్రమాదం ఉంది. అందరూ "ఒక్క ఏడాదే" అంటూ మొదలుపెడతారు. ఏడాది అయ్యాక ఎవరూ కూర్చుని మళ్లీ నిర్ణయించుకోరు. అదే సాగిపోతుంది. నాన్న శనివారం వచ్చే చుట్టం అవుతాడు. చుట్టం ముందు పిల్లలు అల్లరి చెయ్యరు, ఏడవరు, రహస్యాలు చెప్పరు. కాబట్టి వేరుగా ఉండక తప్పనివారు మొదటి రోజే ఒక తేదీ రాసి పెట్టుకోండి. ఆ తేదీకి భార్యాభర్తలు మళ్లీ కూర్చుని మాట్లాడుకోండి.

శ్రీసభ ఈ విషయంలో మౌనంగా లేదు. 1983 శ్రీసభ చట్టం 104వ సూత్రం ప్రకారం దంపతులకు ఉమ్మడి నివాసం ఉండాలి. న్యాయమైన కారణం ఉంటే వేరువేరు నివాసాలు ఉండవచ్చునని కూడా అదే సూత్రం ఒప్పుకుంటుంది. ఉద్యోగం న్యాయమైన కారణమే. కాని కారణం అన్నది ఎప్పటికప్పుడు చూసుకోవలసినది. మోషే ధర్మశాస్త్రంలో ఒక అందమైన నియమం ఉంది. కొత్తగా పెళ్లైనవాడిని ఏడాదిపాటు యుద్ధానికి పంపకూడదు, వేరే పని మోపకూడదు. ఇంటిపట్టున ఉండి భార్యను సంతోషపెట్టాలి (ద్వితీయో 24:5). కొత్త దంపతులకు ఇల్లు చూసిపెట్టే అత్తమామలు ఈ వచనం ఒకసారి చదువుకోవాలి. పనివారికి కుటుంబ జీవితానికీ, ఆరాధనకూ తగినంత విశ్రాంతి సమయం ఉండాలని రెండవ వాటికన్ మహాసభ చెప్పింది (నేటి లోకంలో శ్రీసభ, 67). నగరాల్లో ప్రయాణమే జనానికి పెద్ద బాధ అవుతున్నదని పోపు ఫ్రాన్సిస్ గారు 2015 నాటి 'లౌదాతో సీ' విశ్వలేఖ 153వ పేరాలో గుర్తించారు. రోమునుండి వచ్చిన లేఖలో మన బస్సు ప్రయాణం కనబడితే కొందరికి ఆశ్చర్యం. నాకైతే సంతోషం.

ఇక జోజప్ప గారి సంగతి. హేరోదు చనిపోయాక బాలుడిని, తల్లిని తీసుకొని ఐగుప్తునుండి తిరిగి వచ్చారు. బేత్లెహేము దావీదు వంశీయుడైన ఆయనకు పూర్వికుల ఊరు. యెరూషలేము దేవాలయానికి దగ్గర. పరువైన చోటు. కాని యూదయాలో అర్కెలావు ఏలుతున్నాడని విని అక్కడికి వెళ్లడానికి భయపడ్డారని మత్తయి రాశారు (2:22). భయపడడం అవిశ్వాసం కాదు. ఆ భయాన్ని దేవుడు కలలో హెచ్చరికగా మలిచాడు. జోజప్ప గారు గలిలీయకు వెళ్లి, నతనయేలు చిన్నచూపు చూసిన ఆ నజరేతులో (యోహాను 1:46) కాపురం పెట్టారు. పరువు చూడలేదు, బిడ్డ క్షేమం చూశారు. నజరేతుకు ఆరు కిలోమీటర్లలో సెఫోరిస్ అనే పట్టణం ఉంది. హేరోదు అంతిపా ఆ కాలంలోనే దానిని తిరిగి కట్టించాడు. ఆయన అక్కడికి వడ్రంగం పనికి నడిచి వెళ్లి వస్తూ ఉండేవారేమోనని కొందరు పండితులు ఊహిస్తారు. సువార్తలో ఆ మాట లేదు కనుక నేనూ గట్టిగా చెప్పను. నిజమే అయితే మాత్రం, రోజూ దూరం వెళ్లి పని చేసి, చీకటి పడే వేళకు ఇల్లు చేరే ప్రతి తండ్రికీ ఆయన తోటి ప్రయాణికుడు.

ఇల్లు వెతికేవారికి నాలుగు మాటలు చెప్పాలి. ఆదివారం మధ్యాహ్నం ఖాళీ రోడ్డు మీద వెళ్లి ఇల్లు చూసి అడ్వాన్సు ఇవ్వకండి. సోమవారం ఉదయం ఎనిమిదింటికి ఆ ఇంటి నుండి ఆఫీసుకు ఒకసారి వెళ్లండి. సాయంత్రం అదే దారిలో తిరిగి రండి. ఆడవారు పనినుండి వచ్చే వేళకు ఆఖరి బస్సు ఎప్పుడు, బస్సు దిగిన చోటునుండి ఇంటికి వీధి దీపాలు ఉన్నాయా చూడండి. నీరు ఎక్కడిదాకా వచ్చిందో ఇరుగుపొరుగును అడగండి, ఇంటివారిని కాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోవడం మన కళ్లముందు జరిగింది. పెద్దవారు నడిచి వెళ్లగలిగే దూరంలో దేవాలయం ఉందా అన్నది కూడా అడగండి. బండి మీద తీసుకువెళ్తాంలే అని కొడుకులు అంటారు. మూడో ఆదివారానికి కొడుకుకు పని పడుతుంది. మరొకటి: ఈ ఇల్లు చూడడానికి భార్యాభర్తలిద్దరూ కలిసి వెళ్లండి. రోజంతా ఆ ఇంట్లో ఎక్కువ పని ఎవరిదో వారి మాటకు ఎక్కువ బరువు ఇవ్వండి.

ఎంచుకునే వీలు లేనివారు మనలో ఎందరో ఉన్నారని నాకు తెలుసు. బట్టల షాపులో పనిచేసే అమ్మాయి, తాపీ మేస్త్రి, ఇళ్లలో పనిచేసే తల్లి పల్లెలో ఉన్న ఆ రెండు గదులను వదిలి నగరంలో అద్దె కట్టలేరు. అలాంటివారికి ఇంకా దగ్గరకు మారండి అని చెప్పడం ఎగతాళి చేసినట్లే. వారి విషయంలో బాధ్యత విచారణది. సాయంత్రం ఆరుకు పెట్టిన జపమాల కూడికకు వారు ఎన్నటికీ రాలేరు. ఎనిమిదిన్నరకు మార్చితే వస్తారు. తల్లి వచ్చేదాకా పిల్లలను పక్కింటి వారు తమ ఇంట కూర్చోబెట్టుకొని చదివించవచ్చు. ఆదివారం కూడా డ్యూటీ పడేవారికి, శనివారం సాయంత్రపు దివ్యబలిపూజతో ఆదివారపు బాధ్యత తీరుతుందని (సూత్రం 1248) మన గురువులు పీఠం మీదనుండి మళ్లీ మళ్లీ చెప్పాలి. అది తెలియక మనసులో నొచ్చుకుంటూ పూర్తిగా రావడం మానేసినవారిని నేను ఎరుగుదును.

ఇల్లు మారినవారు తరచుగా మరచిపోయేది విచారణ మార్పు. సామాను దించిన నాడే గ్యాసు, కరెంటు, ఆధార్ గుర్తుకొస్తాయి. విచారణ మాత్రం పాప ప్రథమ దివ్యసత్ప్రసాదం నాటికో, కొడుకు పెళ్లి నాటికో గుర్తుకొస్తుంది. శ్రీసభ చట్టం ప్రకారం స్థిరంగా ఉండాలనే ఉద్దేశంతో ఒక విచారణలో కాపురం పెడితే ఆనాటినుండే అక్కడ మీకు నివాసం ఏర్పడుతుంది. ఉద్దేశం లేకపోయినా ఐదేళ్లు నిండితే ఏర్పడుతుంది. మూడు నెలలు ఉండేందుకు వచ్చినా తాత్కాలిక నివాసం ఉంటుంది (సూత్రం 102). ఆ నివాసాన్నిబట్టే మీ విచారణ గురువులు ఎవరో తేలుతుంది (107). పెళ్లి కూడా వధూవరులలో ఒకరికి నివాసమో, తాత్కాలిక నివాసమో, కనీసం నెల రోజుల బసో ఉన్న విచారణలో జరగాలి (1115). అద్దె ఇల్లే గదా, మేము ఇక్కడివారం కాము అని దూరంగా ఉండనక్కరలేదు. మీరు మూడు నెలల్లోనే ఇక్కడివారు. జ్ఞానస్నాన పత్రాలు, పాత విచారణ గురువుల ఉత్తరం వెంట తెచ్చుకోండి. ప్రభుత్వ పత్రాల దారి వేరు. 2022 ఏప్రిల్ 4 నుండి గన్నవరం కృష్ణా జిల్లాలో, విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నాయి. గన్నవరంలో కాపురం పెడితే కలెక్టరు ఆఫీసు పనికి మచిలీపట్నం వెళ్లాలి.

ఆ తెనాలి దంపతులు మూడు వారాల తరువాత మళ్లీ కనిపించారు. నేను మొదట చెప్పిన గన్నవరం వద్దనుకున్నారు. గుణదలలో రెండు గదుల పోర్షన్ తీసుకున్నారు. భార్య ఆసుపత్రికి పావుగంట. రాత్రి డ్యూటీ దిగి తెల్లవారేసరికి ఇంట్లో ఉండగలదు. భర్తకు దూరమే గాని, ఉదయం నగరంలోకి వచ్చే బండ్లకు ఎదురుదారిలో వెళ్తాడు, రాత్రి ఏడున్నరకు ఇల్లు చేరతాడు. అద్దె అనుకున్నదానికంటే ఎక్కువే. ఫిబ్రవరి ఉత్సవాల మూడు రోజులు వీధిలోంచి బండి బయటకు రాదని ఇంటివారు ముందే చెప్పారట. అమ్మగారు మాత్రం తెనాలి వదలనన్నారు. తన గుడి, తన మొక్కలు, తన వీధి. నెలకు రెండు ఆదివారాలు వీళ్లే అక్కడికి వెళ్తారు. మోకాళ్లు మరీ మొరాయిస్తే అప్పుడు వస్తానని ఆమె మాట ఇచ్చారు. పాప బడి ఏడాది చివరిదాకా తెనాలిలోనే, నానమ్మ దగ్గర. ఇది చెప్పేటప్పుడు తల్లి గొంతు కాస్త తగ్గింది. క్యాలెండరులో ఏప్రిల్ నెల ఆఖరి రోజు చుట్టూ ఎర్ర పెన్నుతో గీత గీసి పెట్టామని తండ్రి చెప్పాడు.