పెరట్లో గద్ద, పళ్ళెంలో ఆకుకూర



"ఇంటికెళ్ళాక ఏం పెట్టమంటారు సిస్టరుగారూ?" అని మీరు తరచు అడుగుతుంటారు. రక్తం తక్కువగా ఉన్నవారికి ఆకుకూర పెట్టమంటాను. వెంటనే, ఎక్కడ కోస్తారని అడుగుతాను. అలా ఎందుకు అడుగుతానో ఇక్కడ రాస్తున్నాను.

నేను పెరిగింది కడియంలోనే. మా ఇంట్లో కూరగాయలు కొనడం తక్కువ. పెరట్లో తోటకూర, గట్టున పొన్నగంటికూర, గంగపాయలకూర, దడి పక్కన మునగాకు. వేసవిలో ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువ కట్టేస్తే మడుగుల్లో మట్టగిడసలు, కొరమీనులు దొరికేవి. ముంజెలు, తేగలు సరేసరి.

నా పని కోడిపిల్లల కాపలా. తల్లికోడి గొంతు మార్చి అరవగానే పిల్లలన్నీ దాని రెక్కల కిందికి దూరేవి. నేను పైకి చూసేదాన్ని. తోక చీలినట్టుంటే నల్లగద్ద. కోడిపిల్లైనా, ఎండబెట్టిన చేపైనా తన్నుకుపోతుంది. తల తెల్లగా, ఒళ్ళు ఇటుకరంగులో ఉంటే గరుడపక్షి. దాని చూపు ఎక్కువగా కాలువలో చేపల మీదే. డేగ మాత్రం చెట్ల మధ్య నుంచి కిందుగా వచ్చేది, అరిచే లోపే పని అయిపోయేది. కొండమీది ప్రసంగంలో ప్రభువు పక్షుల వైపు చూడమన్నారు కదా, నాకు ఆ అలవాటు ఇలా అబ్బింది!

ఒక వేసవిలో మా వెనక గట్టు మీద గద్ద చచ్చి పడివుంది. ఆ వారమే చేలో ఎలుకల మందు పెట్టారు. మందు తిన్న ఎలుకను అది తిన్నదని నాన్న అన్నారు. రుజువేమీ లేదు గానీ, అమ్మ ఆ గట్టున కోసిన పొన్నగంటికూర పారబోసింది. ఆ రాత్రి పచ్చడితోనే తిన్నాం.

అమ్మ చేసింది సరైన పనే. డి.డి.టి. వంటి మందులు నీటి నుంచి చిన్న చేపకు, దాని నుంచి పెద్ద చేపకు చేరి కొవ్వులో పేరుకుంటాయి. చివర తినే గద్దజాతి పక్షుల గుడ్ల పెంకులు పలచబడి చితికిపోయేవి. 1962లో రేచల్ కార్సన్ అనే అమెరికా రచయిత్రి పుస్తకంతో ఈ మందుల సంగతి లోకానికి బాగా తెలిసింది. మన దేశంలో 1989లో వ్యవసాయానికి డి.డి.టి. ఆపేశారు. ఇప్పటి మందుల్లో చాలావాటికి అంతకాలం నిలవుండే గుణం లేదు, కానీ కొట్టిన కొద్దిరోజులు ప్రమాదమే.

నర్సరీలో పనిచేసే అక్కలు కవర్ల మధ్య మొలిచిన తోటకూర, గలిజేరు ఒడిలో వేసుకుని ఇంటికి తెస్తారు. అది వద్దు. పూలమొక్కలను ఎవరూ తినరు గనుక, మందు కొట్టాక ఎన్నిరోజులకు కోయాలన్న లెక్క అక్కడ ఉండదు. కడిగితే పైపై మందు కొంత పోతుంది. మొక్క పీల్చుకున్నది పోదు. కడియంలో మట్టికీ కవర్లకూ కొదవా? నాలుగు కవర్లలో తోటకూర గింజలు చల్లండి, నెల తిరక్కుండా కూరకొస్తుంది. వండాక నిమ్మరసం పిండితే అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. అన్నం తిన్న వెంటనే టీ ఇవ్వకండి. డాక్టరుగారిచ్చిన ఐరన్ మాత్రలు మానొద్దు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి మాత్రం డాక్టరుగారిని అడిగాకే ఆకుకూర పెట్టండి.

మందు కొట్టి వచ్చిన మనిషికి చెమటలు, చొంగ, వాంతులు, కండరాల అదురు, ఆయాసం కనిపిస్తే 108కి ఫోన్ చేయండి. బట్టలు విప్పించి సబ్బుతో ఒళ్ళు కడగండి. మీ చేతులకు కవర్లు తొడుక్కోండి. ఉప్పునీళ్ళు తాగించి కక్కించొద్దు, పాలు పట్టొద్దు. మందు డబ్బాను, దానిమీది కాగితం చింపకుండా, వెంట తీసుకురండి. ఏ మందో తెలిస్తే విరుగుడు త్వరగా మొదలుపెట్టగలం.