తొలి కొలువు

ఇంటర్మీడియట్ ముగించి కొలువు కోసం బయలుదేరిన యువకునికి మొదట ఎదురయ్యే ప్రశ్న ‘అనుభవం ఎంత?’ అన్నదే. అనుభవం లేనిదే కొలువు దొరకదు. కొలువు దొరకనిదే అనుభవం రాదు. విత్తు ముందా, చెట్టు ముందా అన్న చందాన సాగే ఈ చిక్కు భువనగిరి ప్రాంతపు యువతకు కొత్తది కాదు. సికింద్రాబాదు – కాజీపేట రైలుమార్గంలో, హైదరాబాదుకు సుమారు 50 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ పట్టణం నుంచి పొద్దున నగరానికి పోయి రాత్రికి తిరిగి రావచ్చును. అయినా ఎన్నో దరఖాస్తులు ఆ ఒక్క ప్రశ్న దగ్గరే ఆగిపోతున్నాయి.

ఇంతకూ అనుభవం అంటే ఏమిటి? జీతం పుచ్చుకొని చేసిన పని మాత్రమే అనుభవమని చాలామంది భావిస్తారు. పోచంపల్లి పరిసరాల్లోని చేనేత కుటుంబాల పిల్లలు కండెలు చుట్టడం, చిటికి కట్టడం, రంగులద్దడం చూస్తూ, చేస్తూ పెరుగుతారు. పడుగులో ఒక్క పోగు తప్పితే నమూనా చెడుతుందని వారికి తెలుసు. అటువంటి యువకుడు దరఖాస్తులో ‘అనుభవం: లేదు’ అని రాయడం వినయం కాదు, తనను తాను తక్కువగా అంచనా వేసుకోవడం. ‘మా కిరాణా దుకాణంలో రెండేళ్లపాటు సాయంత్రం వేళ ఉద్దెర ఖాతా రాశాను’ అన్న ఒక్క వాక్యం, ‘కష్టపడి పనిచేసే స్వభావం కలవాడను’ అన్న పది వాక్యాలకన్న మేలు. మొదటిది యజమాని విచారించి తెలుసుకోదగినది. రెండవది అందరూ రాసేది.

తన పనిని తాను చెప్పుకోవడం ఆత్మస్తుతి అని సంకోచించేవారు శ్రీనాథుని తలచుకోవాలి. ఆ మహాకవి కాశీఖండం అవతారికలో ఏ వయసులో ఏ కావ్యం రచించాడో బాల్యం నుంచి వరుసగా చెప్పుకున్నాడు. నేటి బయోడేటా చేసే పని ఇంచుమించు ఇదే.

చేతిలోని విద్యను గుర్తించడం ఒక ఎత్తు, చిన్న పనిలో చేరి మరొక విద్య నేర్వడం మరొక ఎత్తు. ఇందుకు ఈ జిల్లాలోనే ఒక నిదర్శనం ఉంది. ఆలేరు సమీపంలోని శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం పేదరికం వల్ల చిన్ననాడే బడి మానవలసి వచ్చింది. ఆయన తల్లి లక్ష్మి ఆసు పోసేది. ఒక్క చీరకు చేతిని సుమారు 9,000 సార్లు అటూ ఇటూ కదపాలి. రోజుకు రెండు చీరలంటే 18,000 సార్లు. ఆమె భుజాల నొప్పి చూడలేక మల్లేశం 1992లో యంత్రం తయారుచేయ పూనుకున్నాడు. కొంత పని సాగింది, ఆపైన చేతిలో డబ్బు లేక నిలిచిపోయింది. హైదరాబాదుకు పోయి విద్యుత్ పనుల్లో కుదిరాడు. ఆ పనికి ఆయనకు పట్టా ఏదీ లేదు. అయితే ఆ సంపాదన నుంచే యంత్రానికి కావలసిన భాగాలు సమకూరాయి. 1999లో బాలానగర్‌లో పనికి వెళ్లినచోట ఒక యంత్రపు కదలికను గమనించగా, తన యంత్రంలో తెగని చిక్కు విడిపోయింది. అదే తల్లి పేరు పెట్టుకున్న లక్ష్మీ ఆసు యంత్రం. నాలుగైదు గంటలు పట్టే పని గంటన్నరకు తగ్గింది. 2017లో ఆయనను పద్మశ్రీ వరించింది. అందరూ పద్మశ్రీలు కాలేరు, నిజమే. కాని పని జరిగే చోట నిలబడినవానికే ఆ యంత్రం కంటబడింది.

అటువంటి చోటు సంపాదించడానికి చట్టం కూడా ఒక దారి చూపింది. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం ప్రకారం శిక్షణార్థికి సంస్థ పని నేర్పుతూ ఉపకారవేతనం ఇవ్వాలి. 1986 సవరణతో ఇంటర్మీడియట్ వృత్తివిద్యా కోర్సులు చదివినవారికీ, 2014 సవరణతో ఇంజినీరింగేతర పట్టభద్రులకూ ఇందులో చోటు లభించింది. శిక్షణ ముగిశాక ఉద్యోగం ఇచ్చితీరాలన్న నిర్బంధం సాధారణంగా యజమానికి ఉండదు. ఈ సంగతి ముందే తెలుసుకొని చేరడం మంచిది. అయినా మరొక సంస్థ గడప తొక్కినప్పుడు ‘అనుభవం ఎంత?’ అన్న ప్రశ్నకు చూపడానికి ధ్రువపత్రం చేతిలో ఉంటుంది. పోచంపల్లి మండలం జలాల్‌పురంలో 1995లో నెలకొన్న స్వామి రామానంద తీర్థ గ్రామీణ సంస్థ గ్రామీణ నిరుద్యోగులకు వివిధ వృత్తులలో శిక్షణ ఇస్తూ వచ్చింది.

ఇంటర్వ్యూలో ‘ఈ పని ఇంతకుముందు చేశావా?’ అని అడిగినప్పుడు చేయనిది చేశానని చెప్పినవాడు రెండవ ప్రశ్నకే దొరికిపోతాడు. ‘చేయలేదండీ, దీనికి దగ్గరి పని ఇది చేశాను’ అని చెప్పినవానితో యజమాని మరి నాలుగు మాటలు మాట్లాడతాడు. ఉద్యోగం ఇప్పిస్తామని ముందుగా డిపాజిట్ అడిగే మధ్యవర్తుల విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. పనిచేసినవానికి జీతమివ్వవలసినది యజమాని; పనిలో చేరకముందే అభ్యర్థి చేత డబ్బు కట్టించుకునేవాని వద్ద కొలువు ఉన్నదో లేదో ముందుగా విచారించాలి. నియామకపత్రం చూపనిచోట పదవ తరగతి, ఇంటర్మీడియట్ మార్కుల జాబితాల అసలు ప్రతులు అప్పగించరాదు. నకళ్లు ఇస్తే చాలును.