స్థూలకాయ శస్త్రచికిత్సలు: దీర్ఘకాలిక ఫలితాలు

రాయలసీమ ప్రజలకు ఆకలి చిరపరిచితం. 1866 నాటి కరువులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి వేలాది క్షుధార్తులకు అన్నదానం చేసి చిరకీర్తి నార్జించాడు. అనంతరం 1876-78 నాటి ధాత కరువు కర్నూలు, కడప మండలాలను కకావికలు చేసింది. అట్టి సీమలో, బనగానపల్లె వంటి పట్టణాలలో సైతం, నేడు అధిక బరువు రోగకారణ మవుతున్నది.

పూర్వం మన రైతులు కరువుకాలానికై జొన్నలను పాతరలో దాచేవారు. దేహం కూడా మిగులు శక్తిని కొవ్వుగా దాచుకొంటుంది. ఆహారం తగ్గించగానే ఆకలిని పెంచి, శక్తివ్యయాన్ని తగ్గించి, ఆ పాతరను కాపాడుకొంటుంది. అందుచేతనే తగ్గిన బరువు తరచుగా తిరిగి వస్తుంది. ఇది కేవలం సోమరితనమని నిందించడం న్యాయం కాదు. మితాహారం, వ్యాయామం చాలనప్పుడు, స్థూలకాయం తీవ్రమైనప్పుడు వైద్యులు శస్త్రచికిత్సను సూచిస్తారు. చర్మం క్రింది కొవ్వును తొలగించే లైపోసక్షన్ ఈ కోవకు చెందదు.

ఈ చికిత్సలలో ముఖ్యమైనవి మూడు. జీర్ణాశయం పైభాగాన సిలికాన్ పట్టీని బిగించడం 'బ్యాండింగ్'. జీర్ణాశయంలో అధికభాగాన్ని తొలగించి సన్నని గొట్టంవలె మిగల్చడం 'స్లీవ్'. చిన్న సంచిని ఏర్పరచి, దానిని నేరుగా చిన్న ప్రేగుకు కలపడం 'బైపాస్'. చివరి రెండూ ఆకలిని శాసించే హార్మోనులను కూడ మార్చివేస్తాయి.

వీనిలో ఏది మేలు? ఏడాది ఫలితాన్ని చూచి నిర్ణయించరాదు. స్వీడన్ దేశంలో 1987లో ఆరంభమైన అధ్యయనంలో పదేళ్ళ తరువాత బైపాస్ పొందినవారు సగటున 25 శాతం, బ్యాండింగ్ పొందినవారు 14 శాతం బరువు తగ్గి ఉన్నారు. శస్త్రచికిత్స పొందినవారిలో మరణాలు కూడ తక్కువగా కనిపించాయి.

ఫిన్లాండులో 240 మందిపై జరిగిన పరిశోధన స్లీవ్, బైపాస్‌లను పోల్చింది. 2022లో దాని పదేళ్ళ ఫలితాలు వెలువడినాయి. అదనపు బరువులో స్లీవ్ వలన 43.5 శాతం, బైపాస్ వలన 50.7 శాతం తగ్గింది. మధుమేహ ఉపశమనంలో చెప్పుకోదగిన భేదం లేదు. కాని అన్నవాహిక వాపు స్లీవ్ పొందినవారిలో 31 శాతం, బైపాస్ పొందినవారిలో 7 శాతం కనిపించింది.

కనుక ఛాతీలో మంట, పులిత్రేన్పులు గలవారికి బైపాస్ మేలు కావచ్చు. అయితే బైపాస్‌లో ఇనుము, కాల్షియం, బి12 విటమిను లోపించే అవకాశ మధికం. ఏ పద్ధతియైనను జీవితాంతం పోషకాలు, రక్తపరీక్షలు, ఆహారనియమం తప్పవు. శస్త్రచికిత్స ఒకనాటి పని, ఆరోగ్యరక్షణ నిత్యకృత్యం.

కఠిన పదాలు: క్షుధార్తులు = ఆకలిగొన్నవారు; అన్నవాహిక = నోటినుండి జీర్ణాశయానికి ఆహారం చేరే గొట్టం; ఉపశమనం = తగ్గుదల.

ప్రశ్నలు:
1. దేహాన్ని జొన్నల పాతరతో రచయిత ఎందుకు పోల్చాడు?
2. స్లీవ్, బైపాస్ పద్ధతుల దీర్ఘకాలిక ఫలితాలను సరిపోల్చండి.