పీర్ల పాటలు – దుఃఖ పాఠాలు

మా శింగనమల ప్రాంతంలో పీర్ల పండుగకు నార్పల మండలం గూగూడు ప్రసిద్ధి. క్రీ.శ. 680లో కర్బలాలో అమరుడైన ఇమాం హుసేన్‌ను హిందువులు, ముస్లిములు కలిసి తలచుకునే దినాలవి.

హిజ్రీ సంవత్సరానికి సుమారు 354 రోజులే. కనుక పండుగ ఏటా దాదాపు 11 రోజులు ముందే వస్తూ, సుమారు 33 ఏండ్లకు మళ్ళీ అదే కాలానికి చేరుతుంది. చెనిక్కాయ విత్తేటప్పుడు చూసిన పిల్లవాడు, మళ్ళీ విత్తనాలప్పుడే చూసేనాటికి తండ్రి అయివుంటాడు!

ఊళ్ళలో గుండం చుట్టూ తాతలు పాట ఎత్తుకుంటే మనవళ్ళు అందుకుంటారు. కర్బలాలో నీళ్ళందక అల్లాడిన పసివాళ్ళ దప్పిక కరువుసీమకు వేరే చెప్పాలా? పంట ఎండినా నోరు విప్పని మా నాయన, ఆ పాటకు కండ్లు తుడుచుకుంటాడు. పక్కన నిలబడి నేనూ నేర్చుకున్నాను, ఏడవడం తప్పు కాదని.

మిత్రులారా! సెలవుల్లో ఊరికి పోయినప్పుడు పెద్దల దగ్గర ఒక్క పాటైనా నేర్చుకుందాం. వాళ్ళు చెప్పుకోలేని బాధా అందులోనే ఉంది.