బుల్లితెరపై ఒలింపిక్ ప్రారంభోత్సవం

2008 ఆగస్టు 8వ తేదీ రాత్రి 8 గంటలకు చైనా రాజధాని బీజింగ్ నగరంలో 29వ ఒలింపిక్ క్రీడోత్సవాలు ఆరంభమయ్యాయి. చైనీయులకు ఎనిమిది శుభసంఖ్య. పక్షిగూడును పోలిన క్రీడాప్రాంగణంలో 2008 మంది కళాకారులు 'ఫౌ' అనే ప్రాచీన వాద్యాన్ని ఒక్కసారిగా మ్రోగిస్తుండగా, దేశదేశాల ప్రజలు ఆ వైభవాన్ని టెలివిజన్‌లో తిలకించారు.

ఈ ఉత్సవానికి రూపశిల్పి చలనచిత్ర దర్శకుడు జాంగ్ యిమౌ. కాగితం, ముద్రణ, దిక్సూచి, మందుగుండు తమ పూర్వులు లోకానికి ప్రసాదించిన వరాలని చైనీయులు గర్విస్తారు. ముద్రణకళను ప్రస్తుతించే ఘట్టంలో వందలాది అచ్చుదిమ్మెలు లేస్తూ, తగ్గుతూ సముద్రతరంగాలను తలపించాయి. అదంతా యంత్రమహిమ అని ప్రేక్షకులు తలచారు. చివరకు ప్రతి దిమ్మె క్రిందనుండి ఒక మనిషి పైకి లేచి చేయి ఊపాడు!

అదే ఉత్సవంలో నగరాకాశాన బాణసంచాతో 29 అడుగుజాడలు వెలిశాయి. బాణసంచాను నిజంగానే కాల్చారు. కాని తెరపై కనిపించిన అడుగులలో చివరిది తప్ప తక్కినవి కంప్యూటర్‌లో ముందుగా రూపొందించిన దృశ్యాలని తరువాత వెల్లడైంది.

యంత్రమనుకొన్నది మానవశ్రమ అయింది. ప్రత్యక్షమనుకొన్నది యంత్రకల్పన అయింది. తెర చూపేది సత్యంలో ఒక భాగమే. కన్ను ఆనందించవచ్చు, బుద్ధి మాత్రం విచారణను విడనాడరాదు.

ప్రశ్నలు

1. అచ్చుదిమ్మెల ప్రదర్శన ప్రేక్షకులను ఎట్లు ఆశ్చర్యపరచింది?
2. 'తెర చూపేది సత్యంలో ఒక భాగమే' – పాఠం ఆధారంగా వివరించండి.