ఒకటి, రెండు, మూడు: ఇంట్లో బాక్సింగ్ తొలి పాఠం



నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో న్యూఢిల్లీలో ప్రపంచ విజేతగా నిలిచింది. అదే ఊరి హుసాముద్దీన్ 2023 ప్రపంచ పోటీల్లో కాంస్యం తెచ్చాడు. ఇక మన ఇంట్లో అబ్బాయో అమ్మాయో "నేనూ బాక్సింగ్ నేర్చుకుంటా" అంటే ఆశ్చర్యం లేదు. అప్పుడు మనకు వచ్చే మొదటి సందేహం, "దెబ్బలు తగలవా?" అన్నదే. అది సరైన సందేహం. దానికి సమాధానం చెప్పుకుని పాఠంలోకి వెళదాం.

తలకు దెబ్బ వద్దు

అమెరికా, కెనడా పిల్లల వైద్యుల సంఘాలు 2011లో కలిసి ఒక ప్రకటన చేశాయి. ఎదుటివారి తలపై కావాలని కొట్టే ఆట కాబట్టి, పిల్లలకు పోటీ బాక్సింగ్ వద్దని అందులో సూచించాయి. హెల్మెట్ ఉంది కదా అనుకోకండి. అది చర్మం చిట్లకుండా కొంత కాపాడుతుంది కానీ, లోపల మెదడు కుదుపును పూర్తిగా ఆపలేదు.

అయితే పంచ్‌లు నేర్చుకోవడానికి ఎవరినీ కొట్టక్కర్లేదు. గాలిలో చేసే షాడో బాక్సింగ్, బ్యాగు, కోచ్ పట్టుకునే ప్యాడ్లు చాలు. అడుగుల కుదురు, ఊపిరి, ఏకాగ్రత, చేతికీ కాలికీ పొత్తు, అన్నీ వీటితోనే వస్తాయి. ఈ పాఠం అంతవరకే.

ముందు నిలబడటం

కుడిచేతి వాటం పిల్లలు ఎడమ కాలు ముందుకు, కుడి కాలు వెనక్కి పెట్టాలి. పాదాల మధ్య భుజాల వెడల్పు దూరం ఉండాలి. రెండు పాదాలూ ఒకే గీత మీద ఉండకూడదు, ఉంటే ఒరిగిపోతారు. మోకాళ్లు కొద్దిగా వంచి, వెనక మడమ కాస్త పైకి లేపాలి. గడ్డం కిందికి, పిడికిళ్లు చెంపల దగ్గరికి, మోచేతులు పక్కటెముకల దగ్గరికి రావాలి. ఎడమచేతి వాటం పిల్లలైతే ఇవన్నీ అటుదిటు చేసుకోవాలి.

పిడికిలి బిగించేటప్పుడు బొటనవేలు వేళ్ల లోపల దూరకూడదు, బయట ఉండాలి. దెబ్బ చూపుడు వేలు, మధ్యవేలు కణుపుల మీద పడాలి. మణికట్టు వంగకూడదు.

మూడు పంచ్‌లు, మూడు అంకెలు

చాలా జిమ్‌లలో పంచ్‌లను అంకెలతో పిలుస్తారు. కోచ్ "ఒకటి, రెండు" అనగానే చేతులు కదలాలి.

1. జాబ్: ముందున్న ఎడమ చేయి చెంప దగ్గర నుంచి తిన్నగా ముందుకు వెళుతుంది. చివర్లో పిడికిలి తిరిగి అరచేయి కిందికి వస్తుంది. వెళ్లిన దారినే మళ్లీ చెంప దగ్గరికి రావాలి.

2. క్రాస్: వెనకున్న కుడి చేయి తిన్నగా వెళుతుంది. వెనక మడమ తిరుగుతుంది, దానితో నడుము, నడుముతో భుజం తిరుగుతాయి. బలం చేతిది కాదు, నేల నుంచి వస్తుంది.

3. హుక్: ఎడమ మోచేయి భుజం ఎత్తుకు లేచి, కొక్కెంలా వంగి పక్క నుంచి వస్తుంది. ముందు పాదం, నడుము కలిసి తిరగాలి.

కుడి హుక్ (4), కింది నుంచి పైకి వెళ్లే అప్పర్‌కట్‌లు (5, 6) తర్వాత నేర్చుకోవచ్చు.

కలిపి కొట్టడంలో కిటుకు

ఈ వరుస ఊరికే పెట్టింది కాదు. క్రాస్ కొట్టగానే శరీరం బరువు ముందు కాలి మీదికి వస్తుంది, నడుము ఎడమవైపు తిరిగి ఉంటుంది. అంటే ఎడమ హుక్‌కు శరీరం ముందే సిద్ధమైంది! హుక్ కొట్టాక బరువు వెనక కాలికి మారుతుంది, కాబట్టి మళ్లీ క్రాస్ తేలిక. ఉయ్యాల ఇటు వెళ్లి అటు వచ్చినట్టు, ఒక పంచ్ తర్వాతి పంచ్‌ను తెస్తుంది. బరువు మారకుండా చేతులు మాత్రమే గబగబా ఆడిస్తే అది కాంబినేషన్ కాదు.

నాలుగు వారాల సాధన

మొదటి వారం: నిలబడటం, జాబ్ (1).
రెండో వారం: జాబ్, క్రాస్ (1-2).
మూడో వారం: రెండు జాబ్‌లు, క్రాస్ (1-1-2).
నాలుగో వారం: జాబ్, క్రాస్, హుక్ (1-2-3). కుదిరితే చివర మరో క్రాస్ (1-2-3-2).

వారానికి మూడు రోజులు చాలు. ముందు ఐదు నిమిషాలు తాడాట. తర్వాత రెండు నిమిషాల చొప్పున మూడు రౌండ్లు, మధ్యలో ఒక నిమిషం విశ్రాంతి. మొదటి రౌండ్ అద్దం ముందు, చాలా నెమ్మదిగా చేయించండి. వేగం దానంతట అదే వస్తుంది, తొందరపెడితే తప్పులే అలవాటవుతాయి.

మీరు గమనించాల్సినవి

బాక్సింగ్ తెలియకపోయినా ఈ నాలుగూ మీరు చూడగలరు.

• ఒక చేయి కొడుతుంటే రెండోది చెంప దగ్గరే ఉందా?
• ప్రతి పంచ్‌కూ "ఉష్" అని ఊపిరి వదులుతున్నారా, బిగబడుతున్నారా?
• కదిలేటప్పుడు కాళ్లు ఒకదాన్నొకటి దాటుతున్నాయా? దాటకూడదు.
• వరుస పూర్తయ్యాక మళ్లీ మొదటి భంగిమలోకి వచ్చారా?

మీరు రెండు బారల దూరంలో నిలబడి అంకెలు పిలవండి. మీ అరచేతులు, దిండు అడ్డుపెట్టి కొట్టించకండి. అలా చేస్తే మీ వేళ్లకూ, వాళ్ల మణికట్టుకూ ప్రమాదం. గోడ మీద, తలుపు మీద అసలు వద్దు. గట్టి వస్తువును కొడితే చిటికెన వేలి వైపు అరచేతి ఎముక విరగడం మామూలే. బ్యాగు మీదికి వెళ్లేది కోచ్ దగ్గరే, చేతికి పట్టీలు చుట్టి, గ్లౌజులు వేసుకున్నాకే.

అకాడమీలో చేర్పించే ముందు అడగండి: "పిల్లలకు స్పారింగ్ ఎప్పుడు మొదలుపెడతారు? తలపై కొట్టనిస్తారా? మేం వద్దంటే మానేస్తారా?" సూటిగా సమాధానం రాకపోతే మరో చోటు చూసుకోండి.

చివరిగా, మొదటి రోజే ఇంట్లో ఒక నియమం పెట్టండి. ఈ పంచ్‌లు తమ్ముడి మీదో, తరగతిలో స్నేహితుడి మీదో సరదాకైనా విసిరితే ఆ వారం సాధన బంద్. పిడికిలి బిగించడం నేర్పేది మనమే, ఎప్పుడు విప్పాలో నేర్పాల్సిందీ మనమే.